అసిట్రోమ్ వేసుకునేవాళ్లు హోమియో మందులు వాడొచ్చా?

నర్సంపేట వైపు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అమ్మగారికి 56 ఏళ్లు. గుండెలోని మైట్రల్ వాల్వ్ పాడైతే ఆపరేషన్ చేసి మెటల్ వాల్వ్ వేశారు. అప్పటి నుంచి రోజూ అసిట్రోమ్, అంటే వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకుండా రక్తాన్ని పలుచన చేసే మందు, వేసుకుంటున్నారు. పోయిన నెల ఐఎన్ఆర్ 2.8 వచ్చింది (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష అది, నంబరు పెరిగితే రక్తం అంత పలుచబడినట్లు). చికున్‌గున్యా జ్వరం తగ్గినా మోకాళ్ల నొప్పులు వదలడం లేదు. హనుమకొండలో ఒక హోమియో డాక్టరుకు చూపిస్తే రస్‌టాక్స్ 200 గోలీలు, నీళ్లలో కలిపి తాగే చుక్కల మందు, పేరు లేని ఇంకో చిన్న సీసా ఇచ్చారట. "ఇవి అసిట్రోమ్‌తో కలిపి వాడొచ్చా? మధ్యలో ఎన్ని గంటల గ్యాప్ ఇవ్వాలి?" అని అడుగుతున్నారు.

నేను క్లినికల్ ఫార్మసిస్టును. వరంగల్‌లోనే చదువుకున్నాను, ఇక్కడే గుండె జబ్బుల వార్డులో పనిచేస్తున్నాను. వాల్వ్ మార్పించుకున్నవాళ్ల ఐఎన్ఆర్ పుస్తకాలు చూడటం, వాళ్లు వేసుకునే మిగతా మందులన్నీ అడిగి రాసుకోవడం నా రోజువారీ పని. ఈ ప్రశ్న నాకు ఏ వారం తప్పదు.

ముందు సూటిగా జవాబు చెప్తాను.

రస్‌టాక్స్ 200 గోలీల వల్ల అసిట్రోమ్‌కు ఏమీ కాదు. చుక్కల మందును దాని పేరు, పొటెన్సీ (ఎన్నిసార్లు పలుచన చేశారో చెప్పే అంకె) తెలిసేదాకా ఆపండి. పేరు లేని సీసాను అసలు వాడొద్దు. అసిట్రోమ్‌ను మాత్రం మీ గుండె డాక్టరు తప్ప ఇంకెవరు చెప్పినా ఒక్క పూట కూడా మానొద్దు.

ఇక గ్యాప్ సంగతి. అరగంటో, రెండు గంటలో ఎడం ఇస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. రెండు మందులు కడుపులో కలిసిపోయి గొడవ చేసేటట్లయితే ఆ లెక్క పనికొచ్చేది. ఇక్కడ గొడవ జరిగేది కడుపులో కాదు. అసిట్రోమ్ లివర్‌లో విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది. అందువల్ల రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు తక్కువగా తయారవుతాయి. ఆ అసిట్రోమ్‌ను విరగ్గొట్టి బయటికి పంపేది కూడా లివరే. వేరే మందు ఏదైనా లివర్ వేగాన్ని పెంచినా, తగ్గించినా పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకున్నంత మాత్రాన తప్పించుకోలేం. గ్యాప్ ఇచ్చాం కదా అన్న ధైర్యంతో జనం ఐఎన్ఆర్ చేయించుకోరు. నాకు బాధగా ఉండేది అక్కడే.

గోలీలతో ఏమీ కాదని ఎందుకు అంటున్నానో చెప్తాను. హోమియోలో 1సి అంటే ఒక వంతు మందును 99 వంతుల సారాయిలోనో, నీళ్లలోనో కలపడం. అందులోంచి ఒక వంతు తీసి మళ్లీ 99 వంతుల్లో కలిపితే 2సి. ఇలా 12 సార్లు కలిపేసరికి అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు పోతుంది. 30 పొటెన్సీ, అంటే 30 సార్లు ఇలా కలిపినది, ఒకటి పక్కన 60 సున్నాలు పెట్టినంత పలుచన. 200 అయితే చెప్పనక్కర్లేదు. మిగిలేది గోలీలోని చక్కెర, దాని మీద చల్లిన కాస్త సారాయి. ఐఎన్ఆర్‌ను కదిలించడానికి అందులో పదార్థమే లేదు. బయోకెమిక్ గోలీలు, అంటే మ్యాగ్‌ఫాస్ 6ఎక్స్, కాల్కేరియా ఫాస్ 6ఎక్స్ లాంటివి కూడా అసిట్రోమ్ జోలికి రావు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం, అవి లాక్టోజ్ చక్కెరతో చేసినవని గుర్తుపెట్టుకోవాలి.

మోకాళ్ల నొప్పికి అవి పనిచేస్తాయా అని మీరు అడగలేదు. అయినా దాచకుండా చెప్తాను. ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధనా మండలి అప్పటిదాకా ఉన్న అధ్యయనాలన్నీ పరిశీలించి, హోమియోపతి పనిచేస్తుందని నమ్మదగిన ఆధారం ఉన్న జబ్బు ఒక్కటీ లేదని 2015లో చెప్పింది. నా అభిప్రాయమూ అదే. కానీ మీ అమ్మగారికి ఆ గోలీల మీద నమ్మకం ఉంటే వాటిని మానమని నేను పట్టుబట్టను. నా పట్టు అంతా చుక్కల మందు మీద, అసిట్రోమ్ మానకపోవడం మీద.

చుక్కల మందు వేరే సంగతి. సీసా మీద మందు పేరు పక్కన క్యూ అనే అక్షరం ఉంటే అది మదర్ టింక్చర్. మొక్కను సారాయిలో నానబెట్టి తీసిన అసలు రసం అది, పలుచన చేసింది కాదు. 1ఎక్స్, 2ఎక్స్, 3ఎక్స్ అని ఉన్నా అందులో పదార్థం మిగిలే ఉంటుంది. ఎక్స్ అంటే వందకు బదులు పదేసి వంతుల్లో కలిపినది. ఇవి హోమియో షాపులో దొరుకుతాయి కాబట్టి "హోమియో కదా, సైడ్ ఎఫెక్టులు ఉండవు" అనుకుంటాం. కానీ ఒంట్లోకి వెళ్లేది మూలికా మందే. లివర్ దానికి షాపు బోర్డు చూసి మినహాయింపు ఇవ్వదు.

రక్తం పలుచబడే మందులు వాడేవాళ్ల సంచుల్లో నాకు తరచూ కనిపించే టింక్చర్లు కొన్ని ఉన్నాయి.

హైపెరికం క్యూ. నరాల నొప్పికి, తిమ్మిర్లకు ఇస్తారు. నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది దీనికే. ఈ మొక్క లివర్‌లో మందులను విరగ్గొట్టే ఎంజైములను రెచ్చగొడుతుంది. అసిట్రోమ్, దాని లాంటిదే అయిన వార్ఫరిన్ త్వరగా ఖర్చైపోయి ఐఎన్ఆర్ పడిపోతుంది. అంటే రక్తం మళ్లీ చిక్కబడి వాల్వ్ మీద గడ్డ కట్టే వీలు ఏర్పడుతుంది. ఇది ఆపినా ఆ ప్రభావం వెంటనే పోదు, వారం పది రోజులైనా పడుతుంది. ఐఎన్ఆర్ పడిపోయిందని డాక్టరు పెంచిన అసిట్రోమ్ డోసును ఆ తర్వాత కూడా అలాగే ఉంచితే ఐఎన్ఆర్ పైకి లేస్తుంది. రెండు వైపులా ప్రమాదమే.

గింకో బైలోబా క్యూ, మతిమరుపుకు. అల్లియం సాటైవం క్యూ అంటే మన ఎల్లిగడ్డ రసమే, కొలెస్ట్రాల్‌కు ఇస్తారు. ఈ రెండూ ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చేయగలవు. ఐఎన్ఆర్ పరీక్షలో ఆ మార్పు కనిపించదు కూడా, ఎందుకంటే ఆ పరీక్ష ప్లేట్‌లెట్లను చూడదు. కూరలో వేసుకునే ఎల్లిగడ్డతో ఇబ్బంది లేదు. రోజుకు మూడు పూటలా చుక్కలు చుక్కలుగా నెలల తరబడి తాగడం గురించే చెప్తున్నాను.

సింఫైటం క్యూ. ఎముకలకు, కీళ్లకు అని ఇస్తారు కాబట్టి మీ అమ్మగారి చుక్కల మందు ఇదే అయ్యే అవకాశం ఉంది. ఈ మొక్కలో లివర్‌ను దెబ్బతీసే ఆల్కలాయిడ్లు ఉంటాయి. దీన్ని కడుపులోకి తీసుకునే ఉత్పత్తులను మార్కెట్ నుంచి తీసేయమని అమెరికా ఎఫ్‌డీఏ 2001లోనే కంపెనీలకు చెప్పింది. లివర్ దెబ్బతింటే అసిట్రోమ్ డోసు అదే ఉన్నా ఐఎన్ఆర్ పెరిగిపోతుంది. మోకాలికి పైపైన పూయడానికి ఇస్తే అంత భయం లేదు, తాగడానికైతే నేను వద్దంటాను.

మెలిలోటస్. తలనొప్పికి, ముక్కులోంచి రక్తం కారడానికి ఇస్తారు. 1920లలో ఉత్తర అమెరికాలో ఈ జాతి గడ్డి బూజు పట్టి, అది తిన్న పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చచ్చిపోయేవి. కారణం వెతుకుతూ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం ఆ గడ్డిలోంచి డైకూమరాల్ అనే పదార్థాన్ని పట్టుకుంది. ఆ దారిలోనే వార్ఫరిన్ పుట్టింది. ముందు ఎలుకల మందుగా, 1954 నుంచి మనుషులకు మందుగా వాడుకలోకి వచ్చింది. మీ అమ్మగారి అసిట్రోమ్ కూడా ఆ కుటుంబమే. బాగా ఉన్న మొక్కలోని కూమరిన్ తనంతట తానుగా రక్తాన్ని పలుచన చేయదు, బూజు పట్టినప్పుడే అది మారుతుంది. కానీ ఆకు ఎలా ఆరబెట్టారో, ఎలా నిల్వ చేశారో సీసా చూసి మనకు తెలియదు. పలుచన చేసిన 30, 200 పొటెన్సీలకు ఈ గొడవ లేదు. టింక్చర్ అయితే అసిట్రోమ్ వాడేవాళ్లు ముట్టకపోవడమే మంచిది.

ఆర్నికా గురించి అందరూ అడుగుతారు. 30, 200 గోలీలు ఐఎన్ఆర్‌ను కదిలించవు. టింక్చర్ కడుపులోకి తీసుకోకూడదు, అది విషమే. కానీ ఆర్నికాతో నేను చూసిన నష్టం మందు వల్ల కాదు, ఆలస్యం వల్ల. పరకాల వైపు ఒక పెద్దాయన స్కూటర్ మీద నుంచి పడ్డాడు. తలకు పైన గాయం లేదు. ఇంట్లో ఆర్నికా ఉంది కదా అని గంటకోసారి వేశారు. సాయంత్రానికి మాట తడబడింది, అర్ధరాత్రి వాంతులు మొదలయ్యాయి. స్కాన్ తీసేసరికి తలలో రక్తం పేరుకుని ఉంది. ఆపరేషన్ చేసి బతికించారు గానీ కుడి చేయి ఇప్పటికీ సరిగా రాదు. రక్తం పలుచబడే మందు వాడేవాళ్లు తల మీద పడితే, పైకి ఏమీ కనిపించకపోయినా, బాగానే ఉన్నామని చెప్పినా, వెంటనే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దగ్గరైతే అక్కడికే వెళ్లండి. దారిలో గోలీలు వేసుకుంటే వేసుకోండి, దారి మాత్రం ఆపొద్దు.

పేరు లేని సీసా మీద నాది ఒకటే మాట. అందులో 200 పొటెన్సీ ఉందో, టింక్చర్ ఉందో, ఇంకేమైనా కలిపారో ఎవరికీ తెలియదు. రేపు రక్తం కారుతూ క్యాజువాలిటీకి వస్తే అక్కడి డాక్టరుకు మనం ఏం చెప్తాం? పేరు రాసి ఇవ్వమని అడగడం తప్పు కాదు. నాకు తెలిసిన మంచి హోమియో డాక్టర్లు ఊళ్లో ఉన్నారు. వాల్వ్ పేషెంటు అని తెలియగానే చీటీ మీద పేరు, పొటెన్సీ స్పష్టంగా రాసి, "అసిట్రోమ్ మీ గుండె డాక్టర్ చెప్పినట్లే వాడండి" అని పంపిస్తారు. అడిగితే కోప్పడి, "మా మందు పేరు చెప్పం" అనేవాళ్ల దగ్గర మీ అమ్మగారిని చూపించకండి.

ఇప్పుడు మందుల కన్నా ఎక్కువ నష్టం చేసేవి చెప్తాను. ఇవి హోమియో సీసాలో ఉండవు, దాని వెంట వస్తాయి.

మొదటిది పథ్యం. హోమియో మొదలుపెట్టగానే ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, కాఫీ మానమంటారు. కొందరు పులుపు, ఆకుకూరలు కూడా మానేస్తారు. ములుగు వైపు ఒకావిడకు ఏడాదిగా ఐఎన్ఆర్ 2.5కూ 3కూ మధ్యలో మంచిగా నడుస్తోంది. ఉన్నట్టుండి బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి రక్తం, తొడ మీద అరచేయంత నల్లటి కమిలిన మచ్చ. పరీక్ష చేస్తే 5.8. కొత్త ఇంగ్లీషు మందు ఏదీ లేదు. హోమియో గోలీలు 30 పొటెన్సీవే. తిండి గురించి అడుగుతూ పోతే బయటపడింది. గోంగూర, పాలకూర, మునగాకు, చింతచిగురు అన్నీ మూడు వారాలుగా బంద్ చేసి మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటోంది. ఆకుకూరల్లోని విటమిన్ కె ఒక్కసారిగా పడిపోయింది, అసిట్రోమ్ డోసు మాత్రం అదే ఉంది. అసిట్రోమ్ వాడేవాళ్లు ఆకుకూరలు మానాల్సిన పని లేదు. వారంలో ఎన్నిసార్లు తింటున్నారో అలాగే తింటూ ఉండాలి. ఒక్కసారిగా మానొద్దు, ఒక్కసారిగా పెంచొద్దు. పథ్యం చెప్తే ఆ చీటీ కూడా మీ గుండె డాక్టరుకు చూపించండి.

రెండోది "ముందు కొంచెం ఎక్కువవుతుంది, తర్వాత తగ్గుతుంది" అనే మాట. హోమియోలో దీన్ని అగ్రవేషన్ అంటారు. మామూలు మనిషికి ఒళ్లు నొప్పులు రెండు రోజులు పెరిగితే పోయేదేమీ లేదు. అసిట్రోమ్ వాడే మనిషికి తలనొప్పి పెరిగినా, విరేచనం తారులాగా నల్లగా వచ్చినా, నెలసరి ఆగకుండా కారినా అది మందు పనిచేస్తున్న గుర్తు కాదు, లోపల రక్తం పోతున్న గుర్తు. అలాంటప్పుడు గోలీలు ఇచ్చిన డాక్టరుకు ఫోన్ చేసి అడిగే సమయం కూడా ఉండదు.

మూడోది అన్నిటికన్నా ఘోరమైనది, అసిట్రోమ్ మాన్పించడం. మొలల నుంచి రక్తం పడుతోందని ఒకావిడ హోమియో వైద్యం మొదలుపెట్టింది. "రక్తం పలుచన చేసే మందు ఆపితేనే మొలలు తగ్గుతాయి" అని ఎవరో చెప్పారు, ఆపేసింది. మొలల రక్తం నిజంగానే తగ్గింది, దాంతో ఆమెకు ఇంకా నమ్మకం కుదిరింది. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్ల ఛాతీలోంచి గడియారంలా టిక్ టిక్ మని చప్పుడు వస్తుంది. రాత్రి నిశ్శబ్దంలో పక్కన పడుకున్నవాళ్లకు కూడా వినిపిస్తుంది. ఆమె భర్త ఒక రాత్రి ఆ చప్పుడు సరిగా వినిపించడం లేదని గమనించాడు. తెల్లారేసరికి ఆయాసంతో వచ్చారు. వాల్వ్ రెక్క మీద గడ్డ కట్టి అది సగమే తెరుచుకుంటోంది. గడ్డ కరిగించే మందు ఎక్కించి కాపాడారు. ఆయన ఆ చప్పుడు పట్టించుకోకపోతే ఆమె ఉండేది కాదు. మీ అమ్మగారి వాల్వ్ చప్పుడు ఎలా ఉంటుందో మీరూ ఒకసారి విని గుర్తుపెట్టుకోండి. అది మందగించినా, ఆయాసం కొత్తగా మొదలైనా, మూతి వంకరపోయినా, ఒక చేయి బలహీనపడినా ఆ గంటలోనే ఆసుపత్రిలో ఉండాలి.

అసిట్రోమ్ ప్రభావం వార్ఫరిన్ కన్నా త్వరగా దిగిపోతుంది. అందుకే ఒకటి రెండు రోజులు మానినా లెక్కలోకి వస్తుంది. మైట్రల్ స్థానంలో మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు ఐఎన్ఆర్ సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు. మీ అమ్మగారి 2.8 మంచి నంబరు. దాన్ని చెడగొట్టుకోవద్దు.

ఇది చదివే ఇంకొందరు డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్ లాంటి, రక్తం పలుచన చేసే కొత్త మందులు వాడుతూ ఉండొచ్చు. "మాకు ఐఎన్ఆర్ టెన్షన్ లేదు, ఏదైనా వాడొచ్చు" అనుకోవద్దు. హైపెరికం వీటి మోతాదునూ రక్తంలో తగ్గించేస్తుంది. మామూలుగా చేయించే పరీక్ష ఏదీ లేదు కాబట్టి ఆ సంగతి పక్షవాతం వచ్చాకే తెలుస్తుంది. ఇంకో మాట, మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లు అసిట్రోమ్ బదులు ఈ కొత్తవి అడగొద్దు. మెటల్ వాల్వ్‌లకు డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన అధ్యయనాన్ని గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువయ్యాయని మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి.

ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా ఇచ్చే ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్), క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు కూడా గింకో, ఎల్లిగడ్డ టింక్చర్ల విషయంలో ఇదే జాగ్రత్త.

ఇక అసలు బాధ మోకాళ్ల నొప్పి. దానికి దారి చూపకుండా ఇది వద్దు, అది వద్దు అంటే మీ అమ్మగారు ఏం చేస్తారు? పారాసిటమాల్ వాడొచ్చు. ఒకటి రెండు రోజులైతే పర్వాలేదు. రోజుకు 2 గ్రాముల దాకా వరుసగా వారం వాడితే అది కూడా ఐఎన్ఆర్‌ను పెంచగలదు, అందుకని పరీక్ష చేయించండి. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ గోలీలు మాత్రం వద్దు, కడుపులో పుండు పడి రక్తం కారుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది అసలు వేయించొద్దు. అసిట్రోమ్ వాడేవాళ్లకు పిరుదుకు సూది వేస్తే కండరంలోనే రక్తం పేరుకుని కాలు కదపలేని స్థితి వస్తుంది. చికున్‌గున్యా సీజన్‌లో ఇలాంటివాళ్లు వరసగా వస్తారు.

నొప్పి బామ్‌ల సంగతి చాలామందికి తెలియదు. వాటిలో ఘాటు వాసన వచ్చే మిథైల్ సాలిసిలేట్ ఆస్పిరిన్ చుట్టం. రెండు మోకాళ్లకూ, నడుముకూ రోజూ దట్టంగా రాసి వేడి కాపడం పెడితే చర్మంలోంచి లోపలికి వెళ్లి ఐఎన్ఆర్ పెంచిన సందర్భాలు ఉన్నాయి. ఎప్పుడో ఒకసారి కొద్దిగా రాసుకుంటే ఫర్వాలేదు. ఉత్త వేడినీళ్ల కాపడం మంచిది. తొడ కండరాలు గట్టిపడే వ్యాయామం ఒక్కసారి ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని ఇంట్లో రోజూ చేస్తే మోకాలికి నిజంగా ఊరట ఉంటుంది. మంచం అంచున కూర్చుని కాలు నిటారుగా చాపి, పదిదాకా లెక్కపెట్టి దించడం లాంటివే. నేల మీద బాసింపట్టు వేసి కూర్చోవడం కొన్నాళ్లు మానాలి. చికున్‌గున్యా నొప్పులు మూడు నెలలు దాటినా తగ్గకపోతే కీళ్ల డాక్టరుకు చూపించండి, దానికి వేరే మందులు ఉన్నాయి. అవి రాసేటప్పుడు అసిట్రోమ్ సంగతి మొదటి మాటగా చెప్పండి.

ఇవన్నీ విన్నాక కూడా హోమియో కొనసాగించాలనుకుంటే ఇలా చేయండి. మొదలుపెట్టిన ఐదారు రోజులకు ఒకసారి, మళ్లీ వారానికి ఒకసారి ఐఎన్ఆర్ చేయించండి. సీసా మార్చినా, మానేసినా మళ్లీ చేయించండి. మందు పేరు, మొదలుపెట్టిన తేదీ ఐఎన్ఆర్ పుస్తకంలోనే రాయండి. గుండె డాక్టరు తిడతారని దాచేవాళ్లు చాలామంది. దాచితే ఆయన పెరిగిన ఐఎన్ఆర్‌కు కారణం తెలియక అసిట్రోమ్ డోసు తగ్గిస్తారు. మీరు ఆ చుక్కల మందు ఆపగానే తగ్గించిన డోసు చాలక రక్తం చిక్కబడుతుంది.

మీ దగ్గరున్న చుక్కల మందు సీసా మీద రాసిన పేరు, పక్కనున్న అక్షరం లేదా అంకె, రోజుకు ఎన్ని చుక్కలు వేయమన్నారో ఇక్కడ రాయండి. ఇప్పటికే వాడటం మొదలుపెట్టి ఉంటే మీరు రాసేదాకా ఆగకుండా రేపే ఐఎన్ఆర్ చేయించి ఆ నంబరు కూడా పెట్టండి.